పల్లె గడపకు పురిటి సాయం చేర్చిన దుర్గాబాయమ్మ గారు

ఈ ప్రత్యేక సంచికను ప్రజారోగ్యం మీద తేవాలని మన సంఘం నిర్ణయించి, ఒక మహనీయుల జీవితం గురించి రాయవలసిందిగా కార్యదర్శి గారు నన్ను కోరారు. పెద్ద పెద్ద డాక్టర్ల పేర్లు మనసులో మెదిలాయి. అయినా నేను ఎంచుకున్నది స్టెతస్కోపు పట్టని ఒక మహిళను. ఆమే శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు.

ఆమెను మనలో చాలామంది స్వాతంత్ర్య సమరయోధురాలిగా, రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఎరుగుదురు. 1971లో నేను పంచాయతీ సమితి కార్యాలయంలో గుమస్తాగా చేరాను. అక్కడి పాత ఫైళ్లలో గ్రామసేవికలు, బాలవాడీలు, మహిళా మండళ్లు అనే మాటలు తరచు కనిపించేవి. ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయని సీనియర్లను అడిగితే, దుర్గాబాయమ్మ గారి పేరే చెప్పేవారు. ఆ కుతూహలంతో ఆవిడ జీవితం తెలుసుకున్నాను.

బాల్యం, జైలు, చదువు

దుర్గాబాయి గారు 1909 జులై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిని ఆమె అంగీకరించలేదు. భర్తను వేరే వివాహం చేసుకోమని సమ్మతి తెలిపి, పుట్టింట్లోనే ఉండిపోయారు. ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల ఈ మాట అనడం, తండ్రి ఆమె పక్షాన నిలబడడం రెండూ సామాన్య విషయాలు కావు.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు కూడా నిండలేదు. దేవదాసీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయన మాటలు వినాలని ఆమె కోరిక. అందుకు ఐదు వేల రూపాయల నిధి సమకూర్చాలని పెద్దలు షరతు పెడితే, ఆ స్త్రీల దగ్గరే పోగు చేసి, సభ జరిపించారు. సమాజం పక్కన పెట్టిన ఆడవారి దగ్గరకే ముందుగా వెళ్లడం ఆవిడకు ఆ వయసులోనే అలవడింది. తరువాత చేసిన పనులన్నిటిలోనూ ఇదే కనిపిస్తుంది.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం నడిపి జైలుకు వెళ్లారు. 1930, 1933 మధ్య మూడు సార్లు శిక్షలు పడ్డాయి. మధుర జైలులో ఏకాంత నిర్బంధం వల్ల ఆరోగ్యం బాగా దెబ్బతింది. జైలులో తోటి స్త్రీ ఖైదీలను చూసినప్పుడు, చదువు లేక, చట్టం తెలియక, చెప్పుకునే దిక్కు లేక శిక్షలు అనుభవిస్తున్నవారు ఎందరో ఉన్నారని ఆమెకు బోధపడింది. బయటకు వచ్చాక మళ్లీ పుస్తకం పట్టారు. బెనారస్ మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు.

తరువాతి ఘట్టం మన ప్రాంతంలోనే జరిగింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదవడానికి వచ్చారు. ఆనాటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆడపిల్లలకు హాస్టలు లేదు కనుక సీటు ఇవ్వడం కష్టమన్నారు. ఆవిడ పత్రికలో ప్రకటన వేయించి, హాస్టలు ఉంటే చదువుకోవడానికి సిద్ధంగా ఉన్న అమ్మాయిలను పోగు చేసి చూపించారు. వసతి ఏర్పడింది, చదువూ సాగింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ఆడపిల్లలు ఆ విశ్వవిద్యాలయంలో చదవడం ఈనాడు మనకు మామూలు విషయం. ఇప్పుడు అక్కడి మహిళా అధ్యయన కేంద్రం ఆవిడ పేరు మీదనే ఉంది. తరువాత మద్రాసులో న్యాయశాస్త్రం చదివి 1942లో వకీలు అయ్యారు.

ఆంధ్ర మహిళా సభ

మద్రాసు మైలాపూరులో చిన్నపిల్లల బృందంగా మొదలైన పని 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. వితంతువులు, భర్త వదిలేసినవారు, చదువు మధ్యలో మానేసినవారు అక్కడికి వచ్చి మెట్రిక్యులేషన్‌కు కూర్చునేవారు. క్రమంగా ఆ సభ వైద్యం వైపు నడిచింది. నర్సింగ్ హోము పెట్టారు, నర్సులకు, మంత్రసానులకు శిక్షణ ఇచ్చారు, 1960ల్లో అవిటి పిల్లల కోసం కేంద్రం ప్రారంభించారు. ఆసుపత్రి పెట్టి ఊరుకోక, అందులో పనిచేసే స్త్రీలను కూడా అక్కడే తయారు చేయడం ఆవిడ పద్ధతి. ఆశ్రయం కోసం వచ్చిన స్త్రీయే కొన్నాళ్లకు నర్సు అయి మరొకరికి పురుడు పోసేది. తరువాత హైదరాబాదులోనూ సభ శాఖ వెలిసింది. విద్యానగర్‌లోని ఆసుపత్రి నేటికీ ఆమె పేరుతో నడుస్తున్నది.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అందులోని పదిహేను మంది స్త్రీలలో ఆమె ఒకరు. సభాధ్యక్షుల జాబితాలో ఉన్న ఏకైక స్త్రీ ఆమే. 1952 ఎన్నికల్లో మాత్రం ఓడిపోయారు. ఆ ఏడే ప్రణాళికా సంఘంలో సభ్యత్వం లభించింది. 1953 జనవరిలో ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని వివాహమాడారు. నెహ్రూ గారు ఆ పెళ్లికి సాక్షి సంతకం చేశారు. అదే సంవత్సరం ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, ఆవిడ దానికి మొదటి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థల ద్వారా ఖర్చు చేయడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు.

ఐదు ఊళ్లకొక కేంద్రం

ఆనాటి పల్లెల స్థితి నా తరం వారికి కొంత గుర్తుండే ఉంటుంది. అప్పటి శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం నుంచి సాలూరు కొండల దాకా ఉండేది. 1979లోనే విజయనగరం జిల్లా విడిగా ఏర్పడింది. పురుడు కష్టమైతే ఎడ్లబండి కట్టి, రైలు స్టేషనుకు చేర్చి, విజయనగరం ఘోషాసుపత్రికో, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికో తీసుకువెళ్లాలి. దారిలోనే ప్రాణం పోయిన సందర్భాలు ప్రతి ఊరిలోనూ చెప్పుకునేవారు. మా అమ్మకు నాకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు పురిటిలోనే పోయారు. బొడ్డు కోసిన కత్తి శుభ్రంగా లేకపోతే బిడ్డకు ధనుర్వాతం వస్తుందని అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. దేవత ఆగ్రహమని మొక్కుకున్నారు.

1946లో భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలని చెప్పింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. అయితే బ్లాకు మొత్తానికి ఒక కేంద్రం, ఒక డాక్టరు వచ్చినా, ఘోషా ఆచారం ఉన్న ఇళ్లలోకి మగ డాక్టరు వెళ్లేదెలా? కూలికి పోయే గర్భిణి పని మానుకుని పది మైళ్లు నడిచేదెలా? దుర్గాబాయి గారు పట్టుకున్నది ఈ చిక్కునే.

1954 నుంచి ఆమె బోర్డు సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు ప్రారంభించింది. మొదట జిల్లాకు ఒకటి చొప్పున అనుకున్నారు. ఒక ప్రాజెక్టు కింద సుమారు 25 గ్రామాలు, ఐదేసి గ్రామాలకు ఒక కేంద్రం. ప్రతి కేంద్రంలో ఒక గ్రామసేవిక, ఒక మంత్రసాని, ఒక చేతిపనుల టీచరు. పొద్దున బాలవాడీ, అందులో పిల్లలకు పాటలు, ఆటలు, పాలు. మధ్యాహ్నం ఆడవారికి కుట్టుపని, అక్షరాలు. మిగిలిన వేళల్లో గర్భిణుల ఇళ్లకు వెళ్లి చూడడం, బాలింతకు, చంటిబిడ్డకు కావలసిన జాగ్రత్తలు చెప్పడం. పర్యవేక్షణ కమిటీల్లో అనధికారులైన స్త్రీలకే పెద్దపీట వేశారు.

ఇందులోని తెలివి గమనించండి. ఆరోగ్య పాఠమని పిలిస్తే ఏ తల్లీ వచ్చేది కాదు. పిల్లవాడిని బాలవాడీలో దింపడానికి వచ్చేది, రవిక కుట్టడం నేర్చుకోవడానికి వచ్చేది. ఆ చనువు మీద నీళ్లు కాచి తాగాలని, బొడ్డు కోసే బ్లేడు మరిగించాలని, మశూచి టీకాకు భయపడరాదని, బాలింతను ఎండు పత్యంతో మాడ్చరాదని చెప్పేవారు. మా సమితిలో పనిచేసిన ఒక వృద్ధ గ్రామసేవిక ఈ సంగతులు నాకు వివరంగా చెప్పేవారు. ఊరి పాత మంత్రసానిని ఎన్నడూ కించపరచక, అమ్మా అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, సబ్బుతో చేతులు కడుక్కోవడం ముందు ఆమెకే నేర్పేవారట. కోడలికి చెప్పేముందు అత్తగారికి చెప్పాలన్నది ఆవిడ అనుభవం.

శిక్షణ పొందిన ఆడవారు చాలినంతమంది లేకపోవడం పెద్ద ఇబ్బంది అయింది. గ్రామసేవిక కావాలంటే కొంత చదువు ఉండాలి, చదువుకున్న పిల్లను ఒంటరిగా పల్లెకు పంపే తల్లిదండ్రులు లేరు. అందుకే 1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. వాటిలో చదివిన గ్రామీణ స్త్రీలు టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా స్థిరపడ్డారు. అదే సంవత్సరం స్త్రీ విద్యపై జాతీయ కమిటీకి కూడా ఆమే అధ్యక్షత వహించారు.

అన్నీ సవ్యంగా జరిగాయని రాస్తే అది స్తోత్రమే అవుతుంది. 1961 నుంచి ఆ పాత ప్రాజెక్టులను స్థానిక మహిళా మండళ్లకు అప్పగించసాగారు. గ్రాంటులో కొంత వాటా స్థానికంగా సమకూర్చుకోవాలి. కలిగిన ఊళ్లలో మండళ్లు నిలిచాయి. కూలి జనం ఎక్కువగా ఉన్న ఊళ్లలో, అంటే సాయం ఎక్కువ అవసరమైన చోటనే, తలుపులు మూతపడ్డాయి. గుమస్తాగా నేను చూసినది కూడా ఇదే. వినియోగ ధృవపత్రం రాలేదని గ్రాంటు ఆగేది, గ్రాంటు రాలేదని బాలవాడీ ఆగేది, ధృవపత్రం పంపవలసిన నిరక్షరాస్య అధ్యక్షురాలికి ఆ కాగితం ఏమిటో చెప్పేవారు ఉండేవారు కారు. దుర్గాబాయి గారు 1962లో బోర్డు బాధ్యతల నుంచి తప్పుకున్నారు. ఆ ఏడే ఢిల్లీలో సామాజిక అభివృద్ధి మండలిని స్థాపించారు.

అయినా విత్తనం పోలేదు. తల్లిని, బిడ్డను, ఆటపాటలను, పోషణను ఒకే గడపలో చూడాలన్న ఆలోచన 1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకంలోని అంగన్‌వాడీలలో మళ్లీ కనిపించింది. 2005లో వచ్చిన ఆశా కార్యకర్త కూడా అదే తోవలో నడిచే మనిషి. 1975లోనే దుర్గాబాయి గారికి పద్మవిభూషణ్ లభించింది. 1981 మే నెలలో కన్నుమూశారు.

మన వంతు

ఈనాడు శ్రీకాకుళంలో, విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. 108కు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. అయినా పార్వతీపురం, సాలూరు కొండల మీది ఊళ్ల నుంచి గర్భిణులను డోలీలో మోసుకు వస్తున్న వార్తలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ముదిరాక ఆసుపత్రికి చేరే కుటుంబాలు ఎన్నో. భవనాలు వచ్చాయి గాని, గడపకు, భవనానికి మధ్య నడిచే నమ్మకమైన మనిషి కొరత పూర్తిగా తీరలేదు.

మిత్రులారా, మనకు పెన్షను ఉంది, హెల్త్ కార్డు ఉంది, దరఖాస్తు నింపడం చేతనవును. మన వీధిలోనే ఆ కాగితం అర్థంకాక వైద్యం వాయిదా వేసుకునే కుటుంబాలున్నాయి. నెలకు ఒక పూట దగ్గరలోని అంగన్‌వాడీకో, ఆరోగ్య ఉపకేంద్రానికో వెళ్లి, అక్కడి కార్యకర్తలకు రిజిస్టర్ల పనిలో, వచ్చిన తల్లులకు దరఖాస్తుల పనిలో తోడ్పడగలం. మన ఇళ్లలోని రిటైరైన టీచరమ్మలు, నర్సమ్మలు ఇంకా ఎక్కువే చేయగలరు. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీనిపై ఒక తీర్మానం పెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆసక్తి గలవారు తమ పేర్లు కార్యదర్శి గారికి ముందుగా ఇవ్వగలరు.