కాటన్ దొర: ఆనకట్ట కట్టిన ఇంటి మనిషి



ఈసారి నక్కపల్లిలో హైవే ఎక్కి విజయవాడ వైపు వెళ్లేటప్పుడు, కిటికీ పక్కన కూర్చున్న పిల్లలకు ఒక చిన్న పని చెప్పి చూడండి. తుని, అన్నవరం, కత్తిపూడి, జగ్గంపేట దాకా పొలాలు ఎలా ఉన్నాయో, రాజమహేంద్రవరం పక్కన వేమగిరి దాటాక ఎలా ఉన్నాయో గమనించమనండి. మొదటిది మనకు తెలిసిన నేలే. వాన పడాలి, చెరువు నిండాలి, అప్పుడే పంట. రెండోది కాలువ పక్కన కాలువ, వరి, అరటి, కొబ్బరి. గంటసేపట్లోనే నేల రంగు మారిపోతుంది. ఎందుకని పిల్లలు అడిగితే మీరు చెప్పాల్సిన పేరు సర్ ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాల వాళ్లకు మాత్రం ఆయన కాటన్ దొర.

ఆయన ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడని సోషల్ పుస్తకంలో మీరూ చదివారు, మీ పిల్లలూ చదువుతారు. పాఠం అక్కడితో అయిపోతుంది. ఆయన 96 ఏళ్లు బతికాడని, అందులో ఆనకట్ట పని అయిదేళ్లేనని, మిగతా కాలం ఎలా గడిచిందో పాఠంలో ఉండదు. ఈ నెల దాని గురించి చెప్పుకుందాం.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదో వాడు. అన్నల్లో ఒకరు సైన్యంలో పేరు తెచ్చుకున్నారు, ఇంకొకరు ఆక్స్‌ఫర్డ్‌లో కాలేజీ అధిపతి అయ్యారు. తమ్ముడు ఫ్రెడరిక్ కూడా మద్రాసు ఇంజనీరే. అలాంటి ఇంట్లో చివరి పిల్లలకు ఆస్తి కంటే ఉద్యోగమే దిక్కు. ఆర్థర్ పదిహేనేళ్లకే ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కూంబ్ సైనిక పాఠశాలలో చేరాడు. 1821లో, మన పిల్లలు ఇంటర్ ముగించే వయసులో, మద్రాసులో దిగాడు. ఆ తర్వాత బర్మా యుద్ధానికీ వెళ్లివచ్చాడు.

ఆయనకు అసలు చదువు అబ్బింది తంజావూరు సీమలో. అక్కడ కావేరి మీద చోళులు కట్టిన కల్లణై అనే పాత ఆనకట్ట ఉంది. దాన్ని కరికాల చోళుడు కట్టించాడంటారు. ఇసుక నేల మీద, కింద గట్టి రాయి తగలని చోట, అది వందల ఏళ్లుగా ఎలా నిలబడిందన్నదే కాటన్ పట్టుకున్న ప్రశ్న. ఇసుకలో రాళ్లు పోస్తే మొదట అవి దిగబడతాయి. మళ్లీ పోస్తే మళ్లీ దిగుతాయి. ఒక దశ వచ్చాక ఇక దిగవు. ఆ కుదురుకున్న రాతి మీద కట్టడం లేపవచ్చు. ఈ కిటుకును మన పాత మేస్త్రీల దగ్గరే నేర్చుకున్నానని ఆయన దాచుకోలేదు. 1836లో కొళ్లిడం నది మీద కట్టించిన ఆనకట్టల్లో దాన్ని వాడాడు. అవి నిలిచాయి, తంజావూరు పంట నిలిచింది.

ఇక్కడ ఒక మాట. కాటన్ శరీరం ఈ ఎండకు తట్టుకునేది కాదు. జ్వరాలతో పదే పదే మంచం పట్టేవాడు. కొళ్లిడం పని తర్వాత ఆరోగ్యం పూర్తిగా చెడిపోయి, దీర్ఘకాలం సెలవు పెట్టి ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవికి వెళ్లాల్సి వచ్చింది. ఉద్యోగంలో ఎదిగే వయసులో ఏళ్ల తరబడి ఖాళీ. ఈ రోజు ఎవరి బయోడేటాలోనైనా అలాంటి ఖాళీ కనిపిస్తే ఇంటర్వ్యూలో ఏమడుగుతారో మీకు తెలుసు. కానీ ఆ ఖాళీలోనే ఆయనకు ఇల్లు ఏర్పడింది. 1841లో అక్కడే ఎలిజబెత్ లెర్మంత్‌ను పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు, ఆ రోజుల లెక్కలో చాలా ఆలస్యం. మరుసటి ఏడు కూతురు పుట్టింది. తల్లి పేరే బిడ్డకూ పెట్టారు.

చంటిబిడ్డతో తిరిగివచ్చిన ఆ కుటుంబం ముందు కాపురం పెట్టింది మన విశాఖపట్నంలోనే. తీరాన్ని సముద్రం కోసేస్తుంటే రాళ్లతో కట్టలు వేయించి ఆ కోతను ఆపే పని కాటన్ మీద పడింది. అక్కడి నుంచి గోదావరికి వెళ్లాడు.

అప్పటి గోదావరి సీమను ఊహించుకోవడం ఇప్పుడు కష్టం. 1832-33లో నందన కరువు వచ్చింది. ఒక్క గుంటూరు సీమలోనే లక్షకు పైగా జనం చచ్చిపోయారు. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచేసింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి, శిస్తు పడిపోయింది. పక్కనే అంత పెద్ద నది సముద్రంలోకి పోతుంటే జనం తిండి లేక చావడమేమిటని కాటన్ 1844లోనూ, 1845లోనూ నివేదికలు రాశాడు. కంపెనీ వాళ్లను కదిలించింది జాలి మాత్రమే అనుకోలేం. నీళ్లొస్తే శిస్తు పెరుగుతుందన్న లెక్క కూడా ఆ కాగితాల్లో ఉంది. 1846 డిసెంబరులో అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది. మొదటి అంచనా దాదాపు 4,75,000 రూపాయలు. చివరికి ఖర్చు దానికి ఎన్నో రెట్లయింది.

ధవళేశ్వరం దగ్గర నది లంకల మధ్య నాలుగు పాయలుగా పారుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా కట్టిన ఆనకట్ట మొత్తం పొడవు మూడున్నర కిలోమీటర్లకు పైనే. రాయిని ధవళేశ్వరం కొండ నుంచే తవ్వి తెచ్చారు. పని మొదలైనప్పుడు కాటన్ కూతురికి నాలుగేళ్లు, అంటే మన యూకేజీ వయసు. ఇల్లూ పనీ ఒకే ఒడ్డున. కూలీల కేకలు, రాళ్ల చప్పుడు, వరద భయం మధ్యే ఆ ఇంటి సంసారం సాగింది.

ఆ పనిలో ఆయనకు కుడిభుజం వీణం వీరన్న. వేలాది కూలీలను ఊరూరా తిరిగి పోగు చేయడం, జీతాలు, తిండి, తగాదాలు అన్నీ చూసుకున్న తెలుగు ఇంజనీరు ఆయన. వీరన్న లేకపోతే ఆ పని జరిగేది కాదని కాటన్ పై అధికారులకు రాసి పంపాడు. వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది. మీ పిల్లలకు కాటన్ పేరు చెప్పినప్పుడు ఈ పేరు కూడా చెప్పండి, పుస్తకాల్లో అది చిన్న అక్షరాల్లో ఉంటుంది.

1848లో, సరిగ్గా పని నడిమధ్యన, కాటన్ మళ్లీ జబ్బుపడ్డాడు. రెండేళ్ల సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్లక తప్పలేదు. తను కలగన్న కట్టడాన్ని సగంలో కెప్టెన్ ఓర్ చేతికి అప్పగించి ఓడెక్కాడు. పని ఆగలేదు. 1850లో తిరిగివచ్చి, 1852లో పూర్తయ్యేదాకా ఉన్నాడు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే 49 తోరణాల అక్విడక్టును హేగ్ అనే కుర్ర ఇంజనీరు కట్టించాడు. కృష్ణ మీద బెజవాడ ఆనకట్టను మళ్లీ ఓరే 1855 నాటికి పూర్తి చేశాడు. పని ఇతరుల చేతుల్లో పెట్టి నమ్మడం కాటన్‌కు తెలుసు. జబ్బులే ఆయనకు అది నేర్పాయేమో.

ఉద్యోగం వదిలి 1860 ప్రాంతంలో ఇంగ్లండు వెళ్లేసరికి ఆయనకు ఇంకా నలభై ఏళ్ల ఆయుష్షు మిగిలి ఉంది. 1861లో సర్ బిరుదు వచ్చింది. హాయిగా కూర్చోవచ్చు, కూర్చోలేదు. దేశమంతా కాలువలు తవ్వి పడవలు నడపాలని, రైళ్ల మీద పోసే డబ్బు నీళ్ల మీద పోయాలని వాదించాడు. ఆ ఉత్సాహంలో కొన్ని అంచనాలు తప్పాయి కూడా. ప్రైవేటు కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువ నష్టాల పాలై, చివరికి 1882లో ప్రభుత్వం కొనాల్సి వచ్చింది. వ్యతిరేకులు ప్రతిసారీ దాన్నే ఎత్తి చూపారు. 1876-78 ధాత కరువులో దక్షిణాదిన లక్షలాది మంది చనిపోయినప్పుడు, గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రం తమ జనానికి అన్నం పెట్టి బయటికీ ధాన్యం పంపాయి. అయినా 1878లో పార్లమెంటు కమిటీ 75 ఏళ్ల ముసలాయన్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేసి, ఆయన పెద్ద పథకాన్ని పక్కన పెట్టేసింది.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు లండన్ దగ్గర డార్కింగ్ అనే చిన్న ఊళ్లో, భార్యాపిల్లల మధ్య గడిచాయి. ఎనభై దాటాక పెరట్లో కొత్త ప్రయోగం మొదలుపెట్టాడు. నేలను చాలా లోతుగా తవ్వి గోధుమ వేస్తే దిగుబడి ఎంత పెరుగుతుందో చూడటం. కొలతలు తీసుకోవడం, లెక్క రాసుకోవడం, మళ్లీ విత్తడం. పక్కన కూతురు ఉండేది. ఆమె అప్పటికి ఒక అడ్మిరల్‌ను పెళ్లాడి, భర్తను పోగొట్టుకుని, లేడీ హోప్ పేరుతో రచయిత్రిగా పేరు పొందింది.

1899 జులై 24న కాటన్ కన్నుమూశాడు. అవతలి శతాబ్దం మొదట్లో పుట్టి, ఆ శతాబ్దం అంచు దాకా వచ్చాడు. ఆయన కట్టించిన ఆనకట్ట ఇంకో ఎనభై ఏళ్లు పనిచేసింది. దాని స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజి సిద్ధమైంది. దానికీ ఆయన పేరే పెట్టారు. గోదావరి నీళ్లు మన నేల వైపు రావాలంటే ఇప్పుడు తవ్వుతున్న పోలవరం ఎడమ కాలువ పూర్తి కావాలి.

ఈ సెలవుల్లో ధవళేశ్వరం వెళితే బ్యారేజి దగ్గర కాటన్ మ్యూజియం ఉంది, ఒక పూట కేటాయించండి. ఆయన పోయిన మరుసటి ఏడే, 1900లో, ఆయన జీవితచరిత్ర పుస్తకంగా వచ్చింది. రాసింది లేడీ హోప్. తొలి రాళ్లు గోదావరి ఇసుకలో దిగబడుతున్నప్పుడు నాలుగేళ్ల పిల్ల, పుస్తకం అచ్చయ్యేనాటికి 57 ఏళ్ల ఆడమనిషి.