చెవితో చదువుకున్న మాస్టారు

సైకాలజీలో కాగ్నిటివ్ పేపరు తీసుకున్న మిత్రులకు భాష అనే అధ్యాయం ఓ పట్టాన కొరుకుడు పడదు. విన్న ధ్వని అర్థంగా ఎలా మారుతుంది? తెలియని మాటలు వరసగా వచ్చి పడితే బుర్ర ఎన్నింటిని నిలుపుకోగలదు? పుస్తకం నిండా విదేశీ పేర్లే. కాని ఈ ప్రశ్నలతో జీవితమంతా కుస్తీపట్టిన మహనీయుడొకరు మన పాతపట్నానికి కూతవేటు దూరాన, పర్లాకిమిడిలో బడిపంతులు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయన్ని ఎరగనివారు లేరు. ఇక్కడ చెప్పదలచింది ఆయనలోని విద్యార్థి గురించి.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు చిన్నతనంలోనే పోయారు. విజయనగరంలో చదువు, గురజాడ అప్పారావుగారు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్ఫై రూపాయల జీతం మీద చేరారు. బి.ఏ. ప్రైవేటుగానే కట్టారు. ముఖలింగం గుళ్లలోని శాసనాల లిపిని తనంతట తానే పట్టేశారు.

కొండల మీంచి దిగివచ్చే సవరల మాట ఆయన చెవిన పడింది. ఆ భాషకు అప్పటికి లిపీ లేదు, వాచకమూ లేదు. తెలుగొచ్చిన సవర నొకణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకోవటం మొదలుపెట్టారు. ఇది ఆషామాషీ పని కాదు. సవర ముండా కుటుంబానిది, తెలుగుతో చుట్టరికం లేదు. గొంతులో ఊపిరి చటుక్కున ఆపి పలికే ధ్వనులున్నాయి. నామాన్ని తీసుకెళ్లి క్రియలోనే ఇమిడ్చేస్తారు. ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే పసిబిడ్డలు ఆరేడు నెలల వయసులో హిందీ త, ట ల తేడా పట్టగలరనీ, ఏడాది నిండేసరికి ఆ నేర్పు సన్నగిల్లుతుందనీ 1984లో వెర్కర్, టీస్ అనే పరిశోధకులు చూపించారు. చెవి ఇంటిభాషకే అలవాటు పడిపోతుందన్నమాట. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం గదా, ఈ మాను వంగింది!

నేర్చుకుని ఊరుకోలేదు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో చదువు చెప్పించి, వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. సర్కారువారు పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు.

తర్వాత తెలుగు సంగతి. యేట్స్ దొర అనే ఇన్‌స్పెక్టరు జనం మాట్లాడే తెలుగు వేరు, పుస్తకాల తెలుగు వేరుగా ఉన్నాయేమని అడగటంతో పంతులుగారి దృష్టి అటు మళ్లింది. మన పిల్లవాడు లెక్కో భూగోళమో నేర్చుకోవాలంటే, ముందు ఎవరూ మాట్లాడని తెలుగు నేర్చుకోవాలి. ఒక నెత్తిన రెండు మూటలు! మనసు ఒక్కసారికి సుమారు ఏడు అంశాలనే పట్టి ఉంచగలదని జార్జి మిల్లర్ 1956లో రాశాడు. వాక్యంలో సగం మాటలు తెలియనివైతే ఇక అర్థానికి చోటెక్కడ? పంతులుగారు ప్రయోగశాల పెట్టలేదు, అంకెలు చూపలేదు, వాదంలో ఆవేశం పాలూ ఎక్కువే. ఏ జిల్లా వాడుకను ప్రమాణం చేస్తారని అవతలివారు అడిగిన ప్రశ్న కూడా తేలిగ్గా తోసేయదగ్గది కాదు. అయినా జయంతి రామయ్య పంతులుగారి పక్షం భాష మర్యాద చూసింది; ఈయన బెంచీ మీద కూర్చున్న కుర్రాణ్ణి చూశారు. ఆ తేడా చిన్నది కాదు. ఇవాళ కూడా సీతంపేట కొండల్లో ఇంట సవర విని, బళ్లో తెలుగు వినే ఒకటో తరగతి పిల్లల్ని చూస్తే అది తెలుస్తుంది.

మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. చెవితోనే ఒక భాషను సంపాదించినవాడికి ఆ చెవే పోయింది! అయినా పని ఆగలేదు. 1931లో సవర భాషా బోధిని, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు వచ్చాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. పాతపట్నం ఇటు ఉండిపోయింది. యాభైయేళ్లకు పైబడి బతికిన ఊరు విడిచి, డెబ్భై రెండేళ్ల వయసులో రాజమండ్రి చేరారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. 1940 జనవరి 22న కన్నుమూశారు.