గోడకు రెండువైపులా ఉన్న జ్యోతినగర్‌కు

నవంబర్ 14 దేశానికంతటికీ బాలల దినోత్సవం. జ్యోతినగర్‌కు అదే పుట్టినరోజు కూడా. 1978లో ఆ రోజున అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ వచ్చి రామగుండం సూపర్ థర్మల్ విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. కాంగ్రెస్‌ను ఓడించి గద్దెనెక్కిన మనిషి నెహ్రూ జయంతి నాడు వచ్చి, నెహ్రూ చూస్తే మురిసిపోయేలాంటి ప్రభుత్వ రంగ కర్మాగారానికి పునాదిరాయి వేశాడు. చరిత్ర అప్పుడప్పుడు ఇలాంటి తమాషాలు చేస్తుంటుంది. ఆ రాయి చుట్టూ పెరిగిన ఊరికి, ఊరి జనానికి, ఇక్కడ పుట్టి ఎక్కడెక్కడో స్థిరపడిన పిల్లలకు ముందుగా పుట్టినరోజు శుభాకాంక్షలు.

అంతకుముందు ఇక్కడ ఏమీ లేదనుకుంటే పొరపాటు. రాముని గుండాల గుట్ట ఉంది, పాత రామగుండం ఊరు ఉంది, కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలు ఆగే స్టేషన్ ఉంది. అటు గోదావరిఖనిలో సింగరేణి బాయిలు అప్పటికే నడుస్తున్నాయి. 1971లో విద్యుత్ బోర్డు 62.5 మెగావాట్ల బీ థర్మల్‌ను మొదలుపెట్టింది. ఆ పక్కనే బొగ్గుతో యూరియా చేసే ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం కట్టుబడిలో ఉంది. బొగ్గు కాళ్ల కిందే, గోదావరి కూతవేటు దూరంలో, రైలు పట్టాలు సిద్ధంగా. దక్షిణాదిలో తొలి కేంద్రం కోసం ఎన్టీపీసీ ఈ జాగాను ఎంచుకోవడంలో వింతేమీ లేదు.

ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చింది. మొదటి మూడు 200 మెగావాట్ల యూనిట్లకు ఇటలీ అన్సాల్డో కంపెనీ టర్బైన్లు వచ్చాయి. 1983లో మొదటి యూనిట్ వెలిగింది. తర్వాత 500 మెగావాట్లవి ఒక్కొక్కటే చేరి, 2004లో ఏడో యూనిట్‌తో మొత్తం 2600 మెగావాట్లయింది. బాయిల నుంచి బొగ్గు తెచ్చే వ్యాగన్లు కేంద్రం సొంతంగా వేసుకున్న పట్టాల మీద చుట్టూ తిరుగుతూ, దించి, మళ్లీ వెళ్తుంటాయి. ఇక్కడి కరెంటు మనకే కాక తమిళనాడు, కర్ణాటక, కేరళ దాకా పోతుంది. ఎర్నాకుళంలో ఒక ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుంటే అందులో గోదావరిఖని కార్మికుడి రాత్రి షిఫ్టు కూడా ఎంతో కొంత ఉన్నట్టే లెక్క.

అసలు చెప్పుకోవాల్సింది యంత్రాల సంగతి కాదు, ఊరి పాలన సంగతి. జ్యోతినగర్‌లో ప్రభుత్వాలు రెండు. టౌన్‌షిప్ లోపల కంపెనీ రాజ్యం. ఎవరికి ఏ టైపు క్వార్టర్ రావాలో హోదా, సీనియారిటీ చూసి కంపెనీ నిర్ణయిస్తుంది. కుళాయి కారితే ఫిర్యాదు రాయించాలి, ప్లంబర్ వస్తాడు. వీధి దీపం ఆరినా అంతే. ఇందులో ఓటుతో పనిలేదు. గోడ దాటి రాజీవ్ రహదారి పక్క గల్లీలోకి వస్తే మాత్రం అదే కుళాయికి కార్పొరేటర్ ఇంటికి పోవాలి, మునిసిపల్ ఆఫీసులో కాగితం పెట్టాలి, టెండరు దాకా ఓపిక పట్టాలి. గోడ లోపలి వాళ్లు ఓటర్లు కారా అంటే, వాళ్లూ రామగుండం నగరపాలక సంస్థ ఓటర్లే. 2009లో మునిసిపాలిటీ కార్పొరేషన్‌గా మారింది, 2014లో 50 డివిజన్లకు తొలిసారి ఎన్నికలు జరిగాయి. ఓటేసేది ఒకరికి, రోజూ పని పడేది ఇంకొకరితో.

ఇది మన ఒక్కరి చిక్కే కాదు. రష్యాలో ఒకే ఫ్యాక్టరీని నమ్ముకుని బతికే పట్టణాలు ఎన్నున్నాయో అక్కడి ప్రభుత్వం జాబితా కడితే లెక్క మూడు వందలు దాటింది. మన దేశంలో జంషెడ్‌పూర్ ఉంది. అంత పెద్ద ఊరికి చాలాకాలం పూర్తి స్థాయి కార్పొరేషన్ లేకుండానే టాటా కంపెనీ సౌకర్యాలు నడిపింది. 74వ రాజ్యాంగ సవరణ ఊళ్లకు ఎన్నికైన పాలన తప్పనిసరి చేస్తూనే, పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటిస్తే మునిసిపాలిటీ లేకున్నా ఫరవాలేదని ఒక సందు ఉంచింది. రామగుండం ఆ సందులోంచి జారిపోలేదు. నా మట్టుకు అది మంచిదే అంటాను. కార్పొరేటర్ ఎంత విసిగించినా అయిదేళ్లకోసారి మన గుమ్మం ముందుకు రావాలి. కంపెనీ ఆఫీసరు బదిలీ అయిపోతాడు.

కంపెనీ ఊళ్ల భవిష్యత్తు ఎలా ఉంటుందో చూడటానికి రష్యా దాకా పోనక్కర్లేదు. పక్కనున్న ఎఫ్‌సీఐ కాలనీ గౌతమీనగర్ చాలు. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎఫ్‌సీఐ 1999లో మూతపడితే దాన్ని నమ్ముకున్న కాలనీ కళ తప్పింది. వీఆర్ఎస్ తీసుకున్నవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో అక్కడ మళ్లీ యూరియా తయారయ్యేసరికి 2021 వచ్చింది, అప్పటికి ఒక తరం పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోయింది. బీ థర్మల్ కూడా 2024లో ఆగిపోయింది. జ్యోతినగర్ అదృష్టవంతురాలు. విభజన చట్టంలో తెలంగాణకు రాసిన 4000 మెగావాట్లలో తొలి విడత 1600 ఇక్కడికే వచ్చాయి. 2016 ఆగస్టు 7న శంకుస్థాపన జరిగింది, మొదటి 800 మెగావాట్ల యూనిట్‌ను 2023లో, రెండోదాన్ని 2024లో జాతికి అంకితం చేశారు. రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సౌర పలకలు 2022 నుంచి తేలుతున్నాయి. దాదాపు 500 ఎకరాల నీటిమీద పరుచుకున్న ఆ నీలం చాప కడుపులో చల్ల కదలకుండా కరెంటు తీస్తుంటే, పక్కన చిమ్నీలు మాత్రం పాత పద్ధతిలోనే పొగ వదులుతుంటాయి.

అయితే ఈ ఊళ్లో ముసలివాళ్లు అవడానికి వీల్లేదు. అరవై నిండిందా, సన్మానం, శాలువా, ఆ వెంటనే క్వార్టర్ ఖాళీ. పిల్లలు పుట్టి, ఆడి, బతుకమ్మకు తంగేడు పూలు తెచ్చిన ఇల్లు ఇంకొకరి పేరు మీదకు పోతుంది. కొందరు హైదరాబాద్ చేరతారు. చాలామంది గోడ బయటే స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకుంటారు. కంపెనీ రిజిస్టర్లో వాళ్లు లేరు, ఊరు మాత్రం వాళ్లదే. భూములిచ్చిన పల్లెలవాళ్లు, కుందనపల్లి బూడిద చెరువు దాపున ఎండాకాలం గాలి లేచినప్పుడు ఆరేసిన బట్టలు లోపలికి తీసుకునే ఇల్లాళ్లు, గేటు దగ్గర పాసు చూపించి లోపలికి పోయే కాంట్రాక్టు కార్మికులు, వీళ్లెవ్వరూ లేకుండా ఒక్క మెగావాట్ కూడా బయటికి రాదు. శంకుస్థాపన దినం ఫ్లెక్సీల మీద వీళ్ల ముఖాలు పెద్దగా కనపడవు కనుక, నా అభినందనలో సగభాగం వీళ్లకే.

2028 నవంబర్ 14కు జ్యోతినగర్‌కు యాభై నిండుతాయి. ఆ రోజుకు కంపెనీ సావనీరు ఎలాగూ వేస్తుంది, అందులో యూనిట్ల లెక్కలు, అవార్డుల పట్టిక తప్పక ఉంటాయి. మిగతాది మనం రాసుకోవాలి. భూమి పోయినప్పుడు ఇచ్చిన నష్టపరిహారం కాగితం, టీటీఎస్ (తాత్కాలిక టౌన్‌షిప్) రోజుల ఫొటో, తొలి క్వార్టర్ అలాట్‌మెంట్ ఆర్డరు, నాన్న గేటు పాసు ఏదైనా మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉంటే దయచేసి పాత సామానులోకి వేయకండి. వెనక తేదీ, పేరు రాసి భద్రపరచండి. పెద్దవాళ్లు ఉండగానే కూర్చోబెట్టి అడిగి, ఫోనులో రికార్డు చేయండి.