మూగజీవులకు నీడయైన కర్మయోగి - కాటన్ దొర

నెమలి గ్రామమున వెలసిన శ్రీ వేణుగోపాలస్వామిని దర్శించు భక్తులు ఆ మోహనమూర్తిని, చేతి వేణువును కన్నులార చూచి తరింతురు. గోపాలుడనగా గోవులను పాలించువాడు. పాలించుట యనగా పాలు పిదుకుకొనుట కాదు, ఆపదలో కాపాడుట. ఇంద్రుడు ఏడు దినములు రాళ్లవాన కురిపించినపుడు స్వామి గోవర్ధనగిరి నెత్తి, దాని క్రిందికి గోపకులనే కాక ఆవులను, దూడలను సైతము చేర్చెనని భాగవత దశమస్కంధము చెప్పుచున్నది. కార్చిచ్చు చుట్టుముట్టినపుడు దానిని తానే మ్రింగి మందను కాచెను. ఈ లీలలను కథగా వినువారు పెక్కుమంది, కర్తవ్యముగా గ్రహించువారు కొందరు. పరదేశమున, పరమతమున పుట్టియు మన నేలపై అట్టి కర్తవ్యమును నెరవేర్చిన సర్ ఆర్థర్ కాటన్ చరిత్రము మనకు స్మరణీయము.

కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. ఇంజనీరు విద్య నభ్యసించి, 1821లో చెన్నపట్టణమునకు వచ్చెను. కావేరీ తీరమున పనిచేయుచు, చోళరాజుల నాటి కల్లణై ఆనకట్టను శ్రద్ధతో పరిశీలించెను. లోతు తెలియని యిసుకపై పునాది నిలుపు నేర్పును మన ప్రాచీన శిల్పుల పనినుండియే గ్రహించితినని చెప్పుకొనుటకు ఆయన సంకోచింపలేదు. 1836లో కొల్లిడము నదిపై ఆనకట్టను నిర్మించి తంజావూరు సీమను నిలబెట్టెను.

ఆ కాలముననే తెలుగుదేశమును నందన కరవు పట్టి పీడించెను. 1832-33 సంవత్సరములలో గుంటూరు సీమలో 5 లక్షల జనులలో లక్షన్నరకు తక్కువ కాకుండ మరణించిరి. గోదావరి సీమకు ఒక యేడు అనావృష్టి, మరియొక యేడు వరద. 1839లో కోరంగి తీరమును ఉప్పెన ముంచెత్తెను. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయెను.

మనుష్యుల మరణములను లెక్కించిరి గాని, కరవు మొదట కబళించునది పశువునే. మానవుడు కందమూలములు తిని కొన్నాళ్లు ప్రాణము నిలుపుకొనును, కాళ్లున్నంతవరకు పరదేశమునకు పోవును. కట్టుకొయ్యకు కట్టిన ఎద్దు ఎక్కడికి పోగలదు? గడ్డివాము తరిగిన పిమ్మట ఇంటికప్పు గడ్డిని పెరికి మేపుదురు. అదియు తీరినచో త్రాడు విప్పి, కన్నీటితో అడవికి తోలుదురు. ఎద్దులు పోయిన యింట, మరుసటి యేడు వానలు కురిసినను నాగలి సాగదు. కావున పశునాశముతో కరవు రెండవ యేటికి కూడ వ్యాపించును. పశురక్షణము పుణ్యకార్యము మాత్రమే కాదు, ప్రజారక్షణమునకు మూలము.

కాటన్ గోదావరీ తీరమంతయు తిరిగి, 1844లో ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. 1847లో ధవళేశ్వరము కడ పని ప్రారంభమయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట లేచెను. వీణం వీరన్న గారు ఆయనకు కుడిభుజమై కూలిజనమును సమకూర్చి నడిపించిరి. మండుటెండలలో పనిచేసి ఆరోగ్యము చెడగా, కొంతకాలము కెప్టెన్ ఆర్ గారికి బాధ్యత నప్పగించి వెళ్లి, మరల వచ్చి చేరెను. 1852లో పని ముగిసెను. ఆయన సూచించిన మార్గముననే ఆర్ గారు బెజవాడ కడ కృష్ణానదికి ఆనకట్టను 1855 నాటికి పూర్తిచేసిరి.

కాలువలు పారిన పిమ్మట పశువుల బ్రదుకు మారెను. వరిపంటతో ఇంటింట గడ్డివాములు లేచెను. కోతల అనంతరము చల్లిన పిల్లిపెసర, జనుము పచ్చిమేత యయ్యెను. వరదలను నిలుపుటకు వేసిన ఏటిగట్లు, నీరు పెరిగినపుడు పశువులు ఎక్కి నిలుచు ఎత్తైన నేల యయ్యెను. అయినను లోపములు లేకపోలేదు. మెరక బీళ్లు వరిపొలములై పచ్చికబయళ్లు తగ్గెను. గట్టునకు వెలుపలనున్న లంకలకు వరదభయము తీరలేదు. నేటికిని లంకవాసులు వరద రాగానే పశువులను పడవలపై గట్టునకు చేర్చుచున్నారు. ఒక మహాత్ముడు చేసిన పనిని తరువాతివారు కొనసాగింపవలెను గాని, ఆయనయే సర్వము చేసెనని ఊరకుండరాదు.

1861లో కాటన్‌కు సర్ బిరుదము లభించెను. ఇనుప దారులకంటె నీటి కాలువలే ఈ దేశమునకు ముఖ్యమని వాదించి, పాలకుల కోపమునకు పాత్రుడయ్యెను. 1899 జూలై 24న ఇంగ్లండులో దేహము చాలించెను. గోదావరీ స్నానము చేయు వైదికులు ఆయన పేర అర్ఘ్య మిచ్చుట మన కృతజ్ఞతకు తార్కాణము.

ఆయన చరిత్రము చెప్పు ధర్మ మొక్కటియే. ఆపద వచ్చిన పిమ్మట చూపు దయకంటె, రాకమునుపు చేయు ఏర్పాటు గొప్పది. చెరువులు నిండియున్నవా యని నారదుడు ధర్మరాజును కుశలప్రశ్నలలోనే అడుగుటలోని ఆంతర్య మిదియే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాది జనులతోపాటు లెక్కకు మిక్కిలి పశువులు కొట్టుకొనిపోయెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెను. మన కట్టలేరు సైతము వానకాలమున పొంగి దారులను కప్పుచుండును. ఇల్లు విడువుమని అధికారులు వచ్చి చెప్పినను, కొట్టములోని పాడిపశువును వదలలేక ఆగిపోవు గృహస్థు ప్రతి యూరను కలడు. ఆ పశువునకు చోటు చూపినచో ఆ కుటుంబము కూడ కదలును.

కావున వానలకు ముందే మెరక నేలను గుర్తించి, అక్కడ కొంత గడ్డిని నిలువచేయవలెను. గొంతువాపునకు టీకాలు వేయింపవలెను. నీరు చేరకముందే తోలుకొనిపోవలెను. అవకాశము లేనిచో పలుపులనైన విప్పవలెను. కట్టిన పశువు ఈదలేదు. వాకిటి కుక్కను, ఇంటి పిల్లిని మరువరాదు. దేవాలయముల ఆవరణలలో మెరక స్థలమున్నచో, ఆ నాలుగు దినములు దానిని మూగజీవులకు విడుచుట స్వామికి చేయు అర్చనయే. గోవర్ధనమును మనము ఎత్తలేము. గోపాలుని కొలుచు మనము మన యూరి మెరకనైన సిద్ధపరచి, ఆయన మందను కాచి, ఆయన కృపకు పాత్రులమగుదుము గాక.