రుక్మాబాయి: కాపురం కన్నా కారాగారమే మేలనుకున్న మహిళ

1887 మార్చి 4న బొంబాయి హైకోర్టు 22 ఏళ్ల యువతి ముందు రెండు మార్గాలు ఉంచింది. నెల రోజుల్లోగా భర్త ఇంటికి కాపురానికి వెళ్లాలి, లేనిపక్షంలో ఆరు నెలల వరకు జైలులో ఉండాలి. జైలుకే వెళ్తానని ఆమె తెలియజేశారు. బాల్యంలో జరిగిన పెళ్లికి తన సమ్మతి లేదు గనుక ఆ బంధానికి తాను కట్టుబడనన్నది ఆమె వాదన. నాటి భారత సమాజం అంతకు ముందు న్యాయస్థానంలో ఇంత సూటిగా వినని మాట అది.

రుక్మాబాయి 1864 నవంబరు 22న బొంబాయిలో జన్మించారు. తల్లి జయంతీబాయికి 14 ఏళ్లకే పెళ్లయింది, 15 ఏళ్లకు కూతురు పుట్టింది, 17 ఏళ్లకు వైధవ్యం వచ్చింది. కొన్నేళ్ల తర్వాత ఆమె ప్రముఖ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త అయిన డాక్టర్ సఖారామ్ అర్జున్‌ను మారుమనువాడారు. వడ్రంగి వృత్తికి చెందిన వారి సుతార్ కులంలో వితంతు వివాహానికి అడ్డు లేదు. అదే కాలంలో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం అగ్రవర్ణ వితంతువులకు పెళ్లిళ్లు చేయించడానికి సంఘం మొత్తాన్ని ఎదుర్కోవలసి వచ్చింది. మారుమనువుకు ముందు జయంతీబాయి తన తొలి భర్త ఆస్తిని కూతురి పేర రాశారు. ఆ ఆస్తి తర్వాత వ్యాజ్యంలో పెద్ద వివాదాంశమైంది.

11వ ఏట రుక్మాబాయిని 19 ఏళ్ల దాదాజీ భికాజీకి ఇచ్చి పెళ్లి చేశారు. అతను సవతి తండ్రికి బంధువు. ఈ పెళ్లి చేసినవారు క్రూరులు కారన్నది గమనించవలసిన విషయం. అల్లుడు తమ కనుసన్నల్లో ఉండి చదువుకుంటాడని, పిల్ల సుఖపడుతుందని వారు ఆశించారు. దాదాజీ చదువు మానేసి మేనమామ పంచన చేరాడు. చిన్న వయసులో పిల్లను కాపురానికి పంపడానికి వైద్యుడైన సఖారామ్ ఒప్పుకోలేదు. పుట్టింటనే పెరిగిన రుక్మాబాయి పుస్తకాలతో స్నేహం చేశారు. వయసు వచ్చేసరికి భర్త ఇంటికి వెళ్లేది లేదన్న నిశ్చయానికి వచ్చారు.

1884లో దాదాజీ దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోరుతూ దావా వేశాడు. 1885 సెప్టెంబరులో జస్టిస్ పిన్హే దానిని కొట్టివేశారు. ఇద్దరూ ఎన్నడూ కాపురమే చేయనప్పుడు పునరుద్ధరించడానికి ఏమీ లేదని, ఊహ తెలియని వయసులో జరిగిన పెళ్లి పేరిట ఎదిగిన స్త్రీని బలవంతంగా అప్పగించలేమని ఆయన భావించారు. దీనిపై సనాతనవాదులు భగ్గుమన్నారు. హిందూ ధర్మంలో విదేశీ న్యాయమూర్తి జోక్యమేమిటని బాలగంగాధర తిలక్ పత్రికలు నిలదీశాయి. అయితే భార్యను కోర్టు ద్వారా కాపురానికి రప్పించే ఆ హక్కు ధర్మశాస్త్రాలది కాదు, ఇంగ్లండు చర్చి న్యాయస్థానాల నుంచి దిగుమతి అయినదే. ఈ వైచిత్రిని నాటి ఆవేశంలో పట్టించుకున్నవారు తక్కువ. అప్పీలులో పిన్హే తీర్పు నిలవలేదు. కేసు తిరిగి విచారణకు వచ్చి, జస్టిస్ ఫర్రాన్ 1887 నాటి ఆదేశం ఇచ్చారు.

ఈలోగా రుక్మాబాయి ఒక హిందూ మహిళ అన్న మారుపేరుతో టైమ్స్ ఆఫ్ ఇండియాకు లేఖలు రాశారు. బాల్యవివాహం ఆడపిల్ల చదువును, ఆరోగ్యాన్ని, మనసును ఎలా చిదిమేస్తుందో వాటిలో వివరించారు. మనసిచ్చిన మరొకరిని పెళ్లాడే హక్కు కావాలని ఆమె అడగలేదు. ప్రేమ వివాహమా, పెద్దలు కుదిర్చిన వివాహమా అన్న చర్చ కన్నా ఆమె ప్రశ్న ముందుది, మౌలికమైనది. కాదనే అవకాశమే లేనప్పుడు దానిని వివాహం అనవచ్చా అన్నదే ఆ ప్రశ్న. పెద్దల మమకారం ఆ లోటును పూడ్చలేదని ఆమె జీవితమే చూపింది.

చివరికి ఆమె జైలుకు వెళ్లలేదు. 1888 జూలైలో 2,000 రూపాయలు తీసుకుని దాదాజీ తన హక్కును వదులుకున్నాడు. తన శరీరం మీద, జీవితం మీద తనకున్న అధికారాన్ని ఒక స్త్రీ సొమ్ము చెల్లించి దక్కించుకోవలసి రావడం నాటి న్యాయవ్యవస్థకు గౌరవం తెచ్చే విషయం కాదు.

బొంబాయిలోని కామా ఆసుపత్రి వైద్యురాలు ఎడిత్ పీచీ ప్రోత్సాహంతో రుక్మాబాయి 1889లో ఇంగ్లండు వెళ్లి లండన్ మహిళా వైద్య పాఠశాలలో చేరారు. 1894లో బ్రస్సెల్స్‌లో ఎం.డి. పట్టా పొందారు. స్వదేశంలో వైద్యవృత్తి చేపట్టిన తొలితరం భారతీయ మహిళల్లో ఆమె ఒకరు. సూరత్‌లో, ఆ తర్వాత రాజ్‌కోట్‌లో సుమారు 35 ఏళ్ల పాటు స్త్రీలకు, శిశువులకు వైద్యం చేశారు. పరదా పద్ధతిని రద్దు చేయాలంటూ 1929లో ఒక కరపత్రం ప్రచురించారు.

ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1904లో దాదాజీ మరణించినప్పుడు మాత్రం వితంతువులు ధరించే తెల్లచీర కట్టారు. ఏ బంధాన్ని తిరస్కరించడానికి జైలుకైనా సిద్ధపడ్డారో, దాని ముగింపును ఆచారబద్ధంగా పాటించారు. ఇది జీవితచరిత్రకారులను నేటికీ ఆలోచింపజేసే విషయం.

భార్య కాపురానికి రాకపోతే జైలుకు పంపే నిబంధనను 1923లో తొలగించారు. 1955 మేలో హిందూ వివాహ చట్టం అమల్లోకి వచ్చింది. దాంపత్య హక్కుల పునరుద్ధరణను దాని 9వ సెక్షన్ కొనసాగించింది. అదే ఏడాది సెప్టెంబరు 25న రుక్మాబాయి 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ.చౌదరి, ఒక సినీనటి కేసులో, ఆ సెక్షన్ వ్యక్తి గోప్యతకు, గౌరవానికి భంగకరమంటూ కొట్టివేశారు. మరుసటి ఏడాది మరో కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయంతో విభేదించి సెక్షన్‌ను సమర్థించింది.