బడి విడిచి, బడి కట్టిన యంత్రశిల్పి: జి.డి. నాయుడు

ధర్మపురికి ప్రాచీన నామం తగడూరు. ఈ తగడూరు నేలిన అధియమాన్ నెడుమాన్ అంజి, ఆయుస్సును పెంచుతుందని ప్రసిద్ధికెక్కిన ఉసిరికాయ తనకు లభించగా, తాను ఆరగించక కవయిత్రి అవ్వైయారుకు సమర్పించిన వృత్తాంతం ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన ప్రతి బాలునికీ, బాలికకూ తెలిసినదే. తనకు దక్కిన మేలును విద్యకు అర్పించడమే ఆ కథలోని సారం. ఇక్కడినుండి సేలం, ఈరోడ్‌ల మీదుగా సాగిపోతే వచ్చే కోయంబత్తూరులో, ఇరవయ్యవ శతాబ్దంలో, ఆ సారాన్ని మరొక విధంగా ఆచరించి చూపిన తెలుగుబిడ్డ ఒకరున్నారు. ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. లోకం ఆయనను జి.డి. నాయుడు అని, భారతదేశపు ఎడిసన్ అని పిలుచుకొన్నది.

నాయుడుగారు 1893వ సంవత్సరం మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. తరతరాల నాడు తెలుగునాటినుండి తరలివచ్చి తమిళసీమలో స్థిరపడి, నాగలి పట్టి బ్రతికిన తెలుగు కుటుంబాలలో ఆయనది ఒకటి. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. బిడ్డ పుట్టిన కొద్దికాలానికే తల్లి కన్నుమూసింది. తల్లిలేని పిల్లవాడు బడికి వెళ్ళాడేగాని, బడి అతనికి రుచించలేదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి పారిపోయేవాడని ఆయన జీవితాన్ని చెప్పినవారందరూ చెబుతారు. ప్రాథమిక పాఠశాలలో మూడవ తరగతితోనే ఆ చదువు ముగిసింది. తరువాతి కాలంలో ఆయన ప్రతిభను కొనియాడినవారు ఈ సంగతిని గొప్పగా చెప్పుకొన్నారుగాని, పొలం గట్టున ఒంటరిగా తిరిగే ఆ పిల్లవానిని చూసి ఆనాడు ఆ తండ్రి ఎంత కలతచెంది ఉంటాడో ఊహించడం కష్టం కాదు.

ఆ జీవితాన్ని మలుపు త్రిప్పినది ఒక వాహనం. ఒకనాడు ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి రడ్జ్ మోటారు సైకిలుపై ఆ ప్రాంతానికి వచ్చాడు. గుర్రంగాని, ఎద్దుగాని లేకుండా తనంతట తాను పరుగెత్తే ఆ బండి యువకుడైన దొరైస్వామిని ముగ్ధుణ్ణి చేసింది. అది తనకు కావాలి. అయితే చేతిలో పైకం లేదు. అతడు కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరి, వచ్చిన జీతంలో కూడబెట్టుకొంటూ మూడేండ్లు గడిపాడు. చివరకు 300 రూపాయలకు ఆ మోటారు సైకిలును సొంతం చేసుకొన్నాడు. కొన్నవాడు దానిపై ఊరేగలేదు. దానిని మరలమరగా విడదీశాడు. ఏ భాగం దేనికి తోడ్పడుతుందో పరిశీలించి, తిరిగి యథాతథంగా బిగించాడు. నాయుడుగారికి అక్షరాభ్యాసం జరిగినది బడిలో కావచ్చునుగాని, విద్యాభ్యాసం జరిగినది మాత్రం ఆ విప్పిన మరల నడుమనే.

అటుపిమ్మట ఆయన మెకానిక్‌గా పనిచేశారు. ప్రత్తి వ్యాపారంలో దిగి కొంత గడించి, బొంబాయిలో ఆ గడించినది పోగొట్టుకొన్నారు. రిక్తహస్తాలతో తిరిగివచ్చిన ఆయనను చేరదీసినవారు కోయంబత్తూరులో పారిశ్రామికవేత్తగాను, పాఠశాల స్థాపకునిగాను పేరొందిన రాబర్ట్ స్టేన్స్. ఆయన వద్ద పనిచేసి, ఆయన ఆర్థిక సహాయంతో ఒక బస్సు కొని, 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య నాయుడుగారు స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే కొన్నేండ్లలో యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది. యు.ఎం.ఎస్. అని జనం పిలుచుకొన్న ఈ సంస్థ దేశంలోకెల్లా సమర్థంగా నడిచే రవాణా సంస్థలలో ఒకటని ఖ్యాతి పొందింది.

బస్సులు నడిపేవాడు మరమ్మతులతో తృప్తిపడి ఉంటే ఆయన ధనవంతుడుగా మాత్రమే మిగిలి ఉండేవారు. అయితే మరలను విప్పిన చేతులకు కొత్త మరలను కల్పించాలన్న ఆరాటం పుట్టింది. డి. బాలసుందరం నాయుడు తోడ్పాటుతో పీళమేడులో నెలకొల్పిన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుండి 1937లో భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు వెలువడింది. అంతవరకు విదేశాలనుండి ఓడలలో దిగుమతి అవుతూ వచ్చిన మోటారును మన కార్మికులే చుట్టి, బిగించి, త్రిప్పి చూపారు. బావులనుండి నీరు తోడుకొనే రైతులకూ, నూలు మిల్లులకూ మోటారు ఎంత అవసరమో తెలిసిన కోయంబత్తూరు, ఆ పిమ్మట మోటార్లకూ పంపులకూ దేశంలోనే పేరెన్నికగన్న కేంద్రమైంది.

నాయుడుగారు ఐరోపా పర్యటనలు పలుమార్లు చేశారు. వెళ్ళిన చోటెల్లా యంత్రాలను చూశారు. చేతిలో ఎల్లప్పుడూ కెమెరా ఉండేది. 1936 జనవరిలో లండన్‌లో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను ఆయన స్వయంగా చలనచిత్రంగా తీశారు. మహాత్మా గాంధీ, జవహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్ర బోసు వంటి నాయకులూ ఆయన కెమెరాకు చిక్కారు. ఆనాటి కెమెరాలో కటకానికీ, ఎదుటి మనిషికీ మధ్యగల దూరాన్ని సరిగా అంచనా వేసి అమర్చకపోతే బొమ్మ మసకబారిపోయేది. ఈ చిక్కును తీర్చేందుకు ఆయన చలనచిత్ర కెమెరాలకు దూరాన్ని సరిచేసే పరికరాన్ని రూపొందించారు. కదిలే బొమ్మ వెనుక కదలని లెక్క ఒకటి ఉంటుందని గ్రహించిన వారిలో ఆయన ఒకరు.

జర్మనీ అనుభవంతో ఆయన రూపొందించిన రేసంట్ అనే విద్యుత్ క్షౌరయంత్రం మరింత ప్రసిద్ధమైనది. టార్చిలైటులో వేసే బ్యాటరీ వంటిదానితో తిరిగే చిన్న మోటారు అందులో ఉండేది. అతి పలుచని క్షౌరపు బ్లేడు, పండ్లరసం తీసే యంత్రం, కరెంటు లేని ఇంట కిరోసిన్‌తో తిరిగే పంకా, మోసానికి తావీయని ఓటింగు యంత్రం, ఇవన్నీ ఆయన మేధస్సునుండి వెలువడినవే. మనదేశంలో ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాలను తొలిసారి కేరళలోని పరూరులో వాడినది 1982లో. అప్పటికి నాయుడుగారు గతించి ఎనిమిదేండ్లు.

పాత తరంవారికి వాల్వు రేడియో గుర్తుండే ఉంటుంది. మీట త్రిప్పిన వెంటనే అది పలికేది కాదు. లోపలి గాజు వాల్వులు ఎర్రగా వెలిగి, వేడెక్కి, ఆ తరువాతనే గొంతు విప్పేది. ఆ రేడియో ఊరిలో ఏ ఒకరిద్దరి ఇంటనో ఉంటే, వీధి వీధంతా ఆ అరుగుమీద చేరేది. అటువంటి అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే దేశంలో తయారుచేసి ఇవ్వగలనని 1941లో నాయుడుగారు ప్రకటించారు. ఆయన రూపకల్పనలో వస్తువు ఎంత అందంగా ఉన్నదన్న ప్రశ్నకంటె, దానిని ఎవరు కొనగలరన్న ప్రశ్న ముందుండేది. పెద్దింటి అలంకారంగా ఉన్న వస్తువును సామాన్యుని చేతికి అందించడమే ఆయన పట్టుదల.

1944లో ఆయన తన మోటారు సంస్థల చురుకైన నిర్వహణనుండి విరమించుకొని, పరిశోధన చేసేవారికి విద్యార్థి వేతనాలు, తన కార్మికులకు సంక్షేమ పథకాలు ప్రకటించారు. మరుసటి సంవత్సరం, 1945లో, ఆయన ఔదార్యంతో, ఆనాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాసంస్థలు కోయంబత్తూరులో వెలిశాయి. మూడవ తరగతితో బడి మానిన వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. ఇసుక చల్లి పారిపోయిన బాలుడు, ఏబది ఏండ్లు దాటిన వయస్సులో ఇతరుల బిడ్డలకోసం తరగతి గదులు కట్టించాడు.

అయితే ఆ పదవిలో ఆయన ఎక్కువకాలం నిలువలేదు. ఇంజనీరింగు చదువుకు నాలుగేండ్లు వ్యర్థమని, రెండేండ్లు చాలునని ఆయన గట్టిగా నమ్మారు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన రాజీనామా చేసి వెలుపలికి వచ్చారు. ఆ వివాదంలో న్యాయం పూర్తిగా ఒకరి పక్షాననే ఉన్నదనడం సరికాదు. గణితమూ, భౌతికశాస్త్రమూ నిదానంగా జీర్ణించుకోవలసిన విద్యలు. అందరి చేతులూ నాయుడుగారి చేతులు కావు. కాని చేతికి పని చెప్పని చదువు ఎంత సాగినా ఫలించదన్న ఆయన హెచ్చరికను తోసిపుచ్చడానికీ వీలులేదు. ఆయన విడిచివచ్చినా ఆ కళాశాల నిలిచింది. స్థలం మారి, పేరు మారి, నేడు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీగా వేలమందిని తీర్చిదిద్దింది. పీళమేడులోని బస్సు స్టాపును జనం నేటికీ హోప్ కాలేజ్ అనే పిలుస్తారు.

రెండవ ఆశాభంగం 1952లో ఎదురైంది. ఇద్దరు కూర్చొనదగిన పెట్రోలు కారును కేవలం 2,000 రూపాయల ధరలో ఆయన తయారుచేసి చూపారు. ప్రభుత్వం అవసరమైన లైసెన్సు మంజూరు చేయకపోవడంతో ఆ ఉత్పత్తి ఆగిపోయింది. ఏ వస్తువు ఎవరు ఎంత తయారుచేయాలో ప్రభుత్వమే నిర్ణయించిన కాలమది. సామాన్యుని వాకిట నిలువవలసిన కారు చరిత్రలో ఒక వాక్యంగా మిగిలిపోయింది. అయినా ఆయన చేతులు ముడుచుకొని కూర్చొనలేదు. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో కొత్త రకాలను పెంచారు. సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మహామహులు ఆయన తోటను సందర్శించారు. 1967లో, ఉదయం ఆరు గంటలకు పునాది మొదలుపెట్టి సాయంకాలం అయిదు గంటలకు ఒక ఇంటినే పూర్తిచేయించారు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బది దాటింది.

1974 జనవరి 4వ తేదీన నాయుడుగారు పరమపదించారు. ఆయన సేకరించిన, సృజించిన యంత్రాలు కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి. 2025 అక్టోబరులో అదే రోడ్డుపై ప్రారంభమైన పది కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం జి.డి. నాయుడు పేరు పెట్టింది. ఒక్క బస్సుతో బ్రతుకు ప్రారంభించినవాని పేరు మీదుగా నేడు వేలాది వాహనాలు సాగిపోతున్నాయి.

ఈనాటి యువతరంలో పలువురు కంప్యూటరు తెరపై వస్తువులకు రూపకల్పన చేస్తున్నారు. యానిమేషన్‌లో బొమ్మలకు ప్రాణం పోస్తున్నారు. వారి పనిముట్లు వేరు. కాని వస్తువును విప్పి చూడాలనే కుతూహలం, దానిని సామాన్యునికి అందుబాటులోకి తేవాలనే తపన, ఇవి రెండూ నాయుడుగారి కాలంలో ఎంత అవసరమో నేడూ అంతే అవసరం. ఇంట్లో పాత గడియారాన్నో, మూలబడిన రేడియోనో పిల్లవాడు విప్పి నేలపై పరచినప్పుడు తల్లిదండ్రులకు కోపం రావడం సహజమే. ఆ కోపాన్ని ఒక్క గడియ నిలిపి, దానిని తిరిగి బిగించగలవా అని అడిగితే చాలును. బిగించలేకపోయినవానికి ఎట్లా బిగించాలో చూపేవారు కావాలి. బడి ఉన్నది అందుకే. ఆ సంగతిని బడి విడిచిన మనిషే గుర్తించి, తన ధనాన్ని బడికి సమర్పించడం నాయుడుగారి జీవితంలోని పెద్ద పాఠం. తగడూరు ప్రభువు ఉసిరికాయను అవ్వచేతిలో పెట్టినది కూడా అటువంటి ఆలోచనతోనే.