సిటీ మార్కెట్ దగ్గర మాట్లాడిన తొలి కన్నడ బొమ్మ, దాన్ని తీసిన నెల్లూరు మనిషి

పూలకో, పసుపు కుంకాలకో మనమంతా సిటీ మార్కెట్‌కు వెళ్తూనే ఉంటాం. 1934 మార్చి 3న ఆ మార్కెట్ దగ్గరి పారామౌంట్ టాకీసులో ‘సతీ సులోచన’ విడుదలైంది. జనం ముందుకొచ్చిన మొదటి కన్నడ టాకీ అదే. దాని దర్శకుడు నెల్లూరులో పుట్టిన మన తెలుగువాడు, యరగుడిపాటి వరదరావు. వై.వి.రావు అంటే ఇంట్లో పెద్దవాళ్లకు తెలుస్తుంది. పిల్లలకైతే నటి లక్ష్మి నాన్నగారు అని చెప్పాలి.

1903లో పుట్టిన రావుగారు మూకీల్లో వేషాలు వేసి, తర్వాత దర్శకుడయ్యారు. ఇంతలో సినిమాకు మాట వచ్చింది, లోకానికి ఆర్థిక మాంద్యం వచ్చింది. పంటల ధరలు పడిపోయి అప్పు పుట్టడమే కష్టమైన ఆ రోజుల్లో, బెంగళూరు మార్వాడీ వ్యాపారి చమన్‌లాల్ డూంగాజీ ఈ బొమ్మకు డబ్బు పెట్టారు. ఖర్చు సుమారు 40 వేల రూపాయలు. అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. టాకీ తీసే స్టూడియో ఇక్కడ లేకపోవడంతో అందరూ కొల్హాపూరు వెళ్లి ఛత్రపతి సినీటోన్‌లో తీశారు. సుబ్బయ్య నాయుడు ఇంద్రజిత్తు, ఆర్. నాగేంద్రరావు రావణుడు, త్రిపురాంబ సులోచన. లక్ష్మణుడి వేషం రావుగారే వేసుకున్నారు. మార్వాడీ పెట్టుబడి, మరాఠీ గడ్డ, కన్నడ నాటకాల నటులు, తెలుగు దర్శకుడు. మన బెంగళూరు అప్పటికే అంత!

భాష ఆయనకు ఎక్కడా అడ్డు కాలేదు. 1937లో త్యాగరాజ భాగవతార్‌తో తీసిన తమిళ ‘చింతామణి’ ఏడాది పాటు ఆడింది.

మాకు మాత్రం ఆయన అసలు ధైర్యం 1939 నాటి ‘మళ్ళీ పెళ్ళి’లో కనిపిస్తుంది. వితంతు వివాహానికి చట్టం ఒప్పుకుని ఎనభై ఏళ్లు దాటినా, ఊళ్లు ఇంకా ఒప్పుకోని కాలం. తలనీలాలు తీయించుకుని, ఇంటి వెనక గదిలో బతుకు వెళ్లదీసిన బాలవితంతువులు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. అలాంటి పిల్లకు పెళ్లి చేసే కథను ఎంచుకుని, కాంచనమాల సరసన కథానాయకుడిగా తనే నిలబడ్డారు. పురాణాలు తీస్తే డబ్బులు తప్పక వచ్చే రోజులవి. మరుసటి ఏడాది సినిమావాళ్ల లోకం మీదే ‘విశ్వమోహిని’ తీశారు.

1973లో రావుగారు కన్నుమూశారు. ‘సతీ సులోచన’ ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. ‘మళ్ళీ పెళ్ళి’ మాత్రం ఇప్పటికీ చూడవచ్చు.